ఇమ్మిచ్ రివ్యూ: కోనసీమలో, ఇంటి సర్వర్ మీద

గూగుల్ ఫోటోస్ మానేసి ఇమ్మిచ్ పెట్టుకోవచ్చా అని మావాళ్ళు తెగ అడుగుతున్నారు కాబట్టి ఒకేచోట రాసేస్తున్నా. సాఫ్ట్‌వేర్‌కి పెట్టడానికి పెద్ద వంకల్లేవండి, తంటా అంతా మన నెట్టుతోనూ గోదారితోనూ.

తెలీనోళ్ళకి చెప్తున్నా, ఇది ఫోన్లో ఫోటోలు, వీడియోలు గూగుల్‌కి బదులు మన ఇంట్లో కంప్యూటర్‌లోకే ఎక్కించి దాచుకునే సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్, 2022లో మొదలైంది, 2025 అక్టోబర్‌లో 2.0 వదిలి ఇక స్టేబుల్ అన్నారు. అంతకుముందైతే రిలీజ్ నోట్స్ చదవకుండా అప్‌డేట్ కొడితే సర్వర్ లేస్తుందన్న గ్యారంటీ లేదు. గూగుల్ వాడు 2021 జూన్ 1 నుంచి ఫ్రీ అన్‌లిమిటెడ్ ఆపేసి 15 జీబీ ఇస్తున్నాడు కదా, అందులో జీమెయిల్ కూడా వాటాకొస్తుంది, ఒక్క పెళ్ళి వీడియోలకే చాలదది. అయినా నా బాధ జాగా గురించి కాదు. పిల్లల మొహాలు, అమ్మ స్కానింగ్ రిపోర్టులు, పొలం పాస్‌బుక్కు ఫోటోలు ఇవన్నీ ఎవరి దగ్గరో ఉండి, రేపు అకౌంట్ లాక్ అయితే అడగడానికి మనిషి కూడా ఉండడు, అదీ నాకు మింగుడుపడంది.

నా సర్వర్ అంటే సెకండ్ హ్యాండ్ ఆఫీసు మినీ పీసీ, 8 జీబీ ర్యామ్, లినక్స్, దాని మీద ఇమ్మిచ్‌ని నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్. రోజంతా ఆన్‌లో ఉన్నా నెలకి పది యూనిట్ల లోపే. ఇన్వర్టర్ మీద పెట్టేస్తే సరి.

వాడకంలో అచ్చం గూగుల్‌దిలాగే ఉంటుంది, అమ్మకైతే తేడా కూడా తెలీలేదు. మొహాలు గుర్తుపట్టడం, మాటతో వెతకడం అన్నీ ఆ డబ్బాలోనే జరుగుతాయి, ఫోటో ఇల్లు దాటదు. మామూలుగా వెతుకులాట ఇంగ్లీషులోనే పనిచేస్తుంది, సెట్టింగ్స్‌లో మోడల్ మార్చుకుంటే వేరే భాషల్లోనూ వెతకొచ్చు. పడవ అంటే పడవలు తెచ్చిపెట్టింది, తీర్థం ఫోటోలు కూడా బానే పట్టింది. కొబ్బరిచెట్టు అని మాత్రం కొట్టకండి, మన కోనసీమలో మొత్తం లైబ్రరీ వచ్చేస్తుంది ఆయ్.

నాకు బాగా నచ్చిందేంటంటే ఫోటోలు డిస్క్ మీద మామూలు ఫైళ్ళుగానే ఉంటాయి, సంవత్సరం, నెల ఫోల్డర్ల ప్రకారం సర్దేలా పెట్టుకోవచ్చు. రేపు ఇమ్మిచ్ మూతబడినా ఫోటోలు ఎక్కడికీ పోవు. ఆల్బమ్‌లు, మొహాల పేర్లు గట్రా మాత్రం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. దాని కాపీ రోజూ అదే తీసుకుంటుంది గానీ అందులో ఫోటోలుండవు, కాబట్టి బ్యాకప్ అయిపోయింది కదాని నిశ్చింతగా కూర్చోకండి.

ఇక అసలు తలనొప్పి. కువైట్‌లో ఉన్న బావగారు చూడాలంటే సర్వర్ బయటికి కనపడాలి, మనకి ఫైబర్ ఇచ్చేవాళ్ళు చాలామంది ఒకే ఐపీని బోలెడంతమందికి పంచుతారు, దాన్నే సీజీనాట్ అంటారు. రౌటర్‌లో వ్యాన్ (WAN) ఐపీ, అంటే నెట్ కంపెనీ మనకిచ్చిన అడ్రస్, 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ ఆ బాపతే, రౌటర్‌లో బయటివాళ్ళకి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా దండగ. క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వర్ల మీదుగా దారిచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ పెట్టొచ్చు గానీ ఫ్రీ ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్ 100 ఎంబీ దాటకూడదు, పెద్ద వీడియోలు ఆగిపోతాయి. నేను మన ఫోన్లనీ సర్వర్‌నీ ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే టెయిల్‌స్కేల్ పెట్టా, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మీద నడుస్తుంది, బావగారి ఫోన్లో ఒకసారి లాగిన్ చేయిస్తే చాలు. గూగుల్ నుంచి బయటపడదామని బయల్దేరి దీనికి మళ్ళీ గూగుల్ అకౌంటుతోనే లాగిన్ అవ్వడం చూసి మా తమ్ముడు ఒకటే ఎటకారం. ఓపిక ఉంటే హెడ్‌స్కేల్ అని దాని సర్వర్ కూడా సొంతంగా పెట్టుకోవచ్చు, నాకు లేదు.

రెండోది నీళ్ళు. 2022 జులైలో లంకలు ఎలా మునిగాయో చూశాం, ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక డిస్కులు ఎత్తుకుని పరిగెత్తడం అయ్యే పని కాదు. మూడు కాపీలు, రెండు రకాల డిస్కులు, ఒకటి వేరే ఊళ్ళో అంటారు కదా, ఆ ఒకటి నాకు రాజమండ్రిలో పిన్నిగారి బీరువాలో ఉంది, దసరాకీ సంక్రాంతికీ వెళ్ళినప్పుడు మార్చుకొస్తా. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో తీసింది కాబట్టి ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, ఎవరి చేతిలో పడ్డా పాస్‌వర్డ్ లేకపోతే పనికిరాదు. సర్వర్‌లో ఉన్న అసలు డిస్కు అలా కాదండోయ్, ఇమ్మిచ్‌లో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (ఫోన్లోనే తాళం పడి సర్వర్‌కి కూడా ఫోటో కనపడకపోవడం) లేదు, లినక్స్ వేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ టిక్ పెట్టుకోండి. ఎండ్ టు ఎండ్ తప్పనిసరి అనుకునేవాళ్ళు ఎంటే (Ente) అనే ఫోటో యాప్ చూడండి, దాన్ని కూడా సొంతంగా హోస్ట్ చేసుకోవచ్చు.

ఐఫోన్లో వెనకాల అప్‌లోడ్ నత్తనడక, అప్పుడప్పుడు యాప్ తెరిచి పెట్టాల్సిందే. అందుకో స్టార్ కట్, 5కి 4. ఇంట్లో ఒక్కడికే సర్వర్ సంగతి తెలిసుంటే మాత్రం పెట్టకండి. నేను ఊళ్ళో లేనప్పుడు రీస్టార్ట్ చెయ్యడం మరదలికి నేర్పించా, పాస్‌వర్డ్‌లు రాసిన కాగితం ఎక్కడుందో కూడా తనకి తెలుసు.