సుంకమా, సబ్సిడీనా, నిఘానా: ఆస్ట్రేలియాకి ఏది మేలు?

మెల్‌బోర్న్ పడమటి వైపున ఆల్టోనాలో టయోటా కార్ల ఫ్యాక్టరీ 2017 అక్టోబర్ 3న మూతపడింది. అదే నెల 20న అడిలైడ్ దగ్గర ఎలిజబెత్‌లో హోల్డెన్ ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. ఫోర్డ్ అంతకు ముందు ఏడాదే మూటాముల్లె సర్దుకుంది. 1948లో హోల్డెన్ తొలి కారుతో ఊపందుకున్న పరిశ్రమ డెబ్బై ఏళ్లు నిండకుండానే ముగిసింది. సుంకాలు తగ్గించి చంపేశారని కొందరంటారు, ఎప్పుడో పోవాల్సినదాన్ని సబ్సిడీలతో లాక్కొచ్చారని ఇంకొందరంటారు.

సుంకాల సంగతే ముందు చూద్దాం. 1980ల్లో దిగుమతి కార్ల మీద సుంకం 57.5 శాతం దాకా ఉండేది, పైగా ఇన్ని కార్లే రావాలనే కోటాలు. ఆ చాటున అంత చిన్న మార్కెట్లో ఐదు కంపెనీలు పదమూడు మోడళ్లు తయారుచేసేవి. ఏ మోడలూ గిట్టుబాటయ్యేన్ని అమ్ముడయ్యేది కాదు, ఆ ఖర్చంతా కొనేవాడి నెత్తినే పడేది. ఆ మోడళ్లను ఆరుకి తగ్గించాలని పరిశ్రమల మంత్రి జాన్ బటన్ 1984లో ప్లాన్ ప్రకటించాడు. 2010 నాటికి సుంకం 5 శాతానికి దిగింది.

అలాగని తలుపులు బార్లా తెరవడమే మందు అని నేననను. 2005లో థాయ్‌లాండ్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక అక్కడి కార్లు ఇక్కడికి వరదలా వచ్చాయి. ఇక్కడ తయారైన ఫోర్డ్ టెరిటరీ కారు మాత్రం అక్కడ పెద్ద ఇంజిన్ల మీద వేసే పన్ను దెబ్బకి నిలవలేకపోయింది. ఒప్పందం కాగితం మీద ఇద్దరికీ సమానమే మరి!

సబ్సిడీకి నేను ఒప్పుకునేది ఒక పరిశ్రమ ఆగితే దేశం బండే కదలని చోట మాత్రమే. 2021లో క్వినానా, ఆల్టోనా చమురు రిఫైనరీలు మూతపడి దేశంలో జీలాంగ్, లిట్టన్ రెండే మిగిలాయి. లాభాలు పడిపోయినప్పుడు వాటికి లీటరుకింతని ప్రభుత్వం ఇచ్చే ఏర్పాటు చేసింది. ముడి చమురు చాలావరకు బయటినుంచే వస్తుంది కాబట్టి ఇది సగం స్వావలంబనే. అయినా ఆ ఖర్చు నాకు సబబే అనిపిస్తుంది.

నా ఓటు ఎక్కువగా దిగుమతి సరుకు ధర మీద నిఘాకే. ఇటలీ డబ్బా టమాటాలు ఇక్కడ మరీ తక్కువ ధరకి అమ్ముతున్నారని తేలాక 2014లో, మళ్లీ 2016లో యాంటీ డంపింగ్ సుంకం (అలా చవగ్గా కుమ్మరించకుండా వేసే అదనపు సుంకం) వేశారు. విక్టోరియాలోని షెప్పర్టన్‌లో పళ్లు, టమాటాలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీకి కాస్త ఊపిరాడింది. అయితే ఈ కత్తి అందరి దగ్గరా ఉంది. చైనా 2020లో ఇదే పేరుతో, సబ్సిడీల సాకుతో కలిపి ఆస్ట్రేలియా బార్లీ మీద 80.5 శాతం వేసి, 2023లో గానీ ఎత్తేయలేదు. 2017 చివర్లో మన ఇండియా దిగుమతి శనగల మీద 30 శాతం వేసినప్పుడు కర్నూలు, ప్రకాశం రైతులు ఒకవైపు, క్వీన్స్‌లాండ్ రైతులు రెండో వైపు.

ధర మీద ఉన్నంత నిఘా, సరుకు తయారుచేసే మనిషి కూలి మీద లేదు. ఆస్ట్రేలియా 2018 ఆధునిక బానిసత్వ చట్టం ప్రకారం ఏడాదికి పది కోట్ల డాలర్ల ఆదాయం దాటిన సంస్థలు తమ సరుకు వెనక బలవంతపు చాకిరీ ముప్పు గురించి నివేదిక ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా మాత్రం పెట్టలేదు. కొత్త సుంకాలు అడిగేవాళ్లు ముందు ఆ జరిమానా అడగొచ్చు కదా.