కణుజుల కోసం కొన్న బైనాక్యులర్: ఫరహాబాద్‌లో మూడు ఉదయాలు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కణుజును, అంటే సాంబార్ జింకను, వేటాడడం నేరం కనుక, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోని ఫరహాబాద్‌కు వెళ్లే మాలాంటి వారికి తుపాకీ అవసరం లేదు, మంచి బైనాక్యులర్ ఉంటే చాలు. మహబూబ్‌నగర్‌లోని ఒక దుకాణంలో కొన్న, ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, ముందు కటకం 42 మిల్లీమీటర్ల వెడల్పున్న బైనాక్యులర్‌ను ఈ చలికాలంలో మన్ననూరు నుంచి అటవీశాఖ సఫారీ బండిలో మూడుసార్లు తీసుకెళ్లాను.

42ను 8తో భాగిస్తే 5.25 వస్తుంది; అన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న వెలుగు కంటిపాపను చేరుతుంది. కణుజులు బయటికి వచ్చేది తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ కాబట్టి ఈ లెక్క చాలా ముఖ్యం. పదిరెట్ల బైనాక్యులర్‌తో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది గానీ, కదిలే బండిలో చెయ్యి వణికి బొమ్మ నిలవదు.

రెండో ఉదయం, మాతో వచ్చిన చెంచు యువకుడు "సార్, ఆ వెదురు పక్కన చెవులు కదిలినయ్ చూడండి" అన్నాడు. నాకు మొదట ఎండుటాకులే కనిపించాయి. బైనాక్యులర్ మీది ఫోకస్ చక్రం కొద్దిగా తిప్పగానే గోధుమరంగు మెడ, మంచుకు తడిసిన జూలు, మా వైపే నిలిచిన రెండు చెవులు స్పష్టంగా తేలాయి. ఆ కుర్రవాడి కన్నుకు ఏ అద్దమూ సాటిరాదని నా నమ్మకం.

లోపమూ చెప్పాలి. నీరు చొరదని అమ్మిన ఈ వస్తువు కటకాల లోపల మూడో ఉదయం ఆవిరి పట్టింది. దుకాణదారు మార్చి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. కొనేవారు, లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ వాయువు నింపినదేనా అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోవాలి.