విజయనగరంలో హాట్ ప్యాచ్ వేసే పంక్చర్ షాపు

మూడు లాంతర్ల నుంచి కోటవైపు వెళ్లే దారికి పక్క సందులో, ‘వల్కనైజింగ్’ అన్న రంగు వెలిసిన బోర్డుతో ఉన్న చిన్న దుకాణమిది. వేరొక చోట సొల్యూషన్ రాసి అంటించిన ప్యాచ్ ఏప్రిల్ ఎండలకు నెల తిరగకముందే అంచు లేచిపోవడంతో, నా పాత స్కూటరు ట్యూబును ఇక్కడికి తెచ్చాను.

యజమాని చిల్లు చుట్టూ ఆకురాయితో గరుకుగా గీకి, సొల్యూషన్ రాసి ఆరనిచ్చి, వేలికి అంటుకునేంత జిగటగా ఉన్న పచ్చి రబ్బరు ముక్కను పరిచి, ఇనుప ప్రెస్సు కింద బిగించారు. పైనున్న పాత పిస్టన్ గిన్నెలో కాస్త కిరోసిన్ పోసి వెలిగించారు. మంట ఆరినా తొందరపడి మర విప్పలేదు. చల్లారాక ప్యాచ్ అంచున బొటనవేలి గోరు గుచ్చితే, ఆ గుర్తు నిలవకుండా రబ్బరు వెంటనే పైకి లేచింది. “గోరు దిగితే ఉడకనట్టే మాస్టారూ” అన్నారు.

ఉడకడం అన్నది ఇక్కడ సరైన మాట. పచ్చి రబ్బరులోని పొడవైన గొలుసు అణువులు ఒకదానిపై ఒకటి జారిపోతాయి కనుకనే అది ఎండకు జిగటగా మారి, చలికి బిరుసెక్కుతుంది. గంధకం కలిపి వేడిచేస్తే ఆ గొలుసుల మధ్య గంధకపు వంతెనలు ఏర్పడి, అంతా ఒకే వలగా కట్టుబడుతుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొని, 1844లో అమెరికాలో పేటెంటు పొందిన వల్కనైజింగ్ పద్ధతి ఇదే. వలకట్టిన రబ్బరు సాగదీసి వదిలితే మునుపటి రూపానికి వస్తుంది, వేడికి కరిగి పారదు, పెట్రోలులో వేస్తే ఉబ్బుతుందే గాని కరిగిపోదు. వంతెనలు ఎన్ని ఉన్నాయన్న దాన్నిబట్టి గుణం మారుతుంది: 100 పాళ్ల రబ్బరుకు 2, 3 పాళ్ల గంధకం కలిస్తే ట్యూబులా సాగుతుంది, 30, 40 పాళ్లు కలిస్తే రాజమండ్రి పెన్నుల ఎబొనైట్‌లా, చిత్రిక పట్టేంత గట్టిపడుతుంది.

రెండోసారి మాత్రం నాకు నిరాశే మిగిలింది. ఆ రోజు కుర్రాడొక్కడే ఉన్నాడు. బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరు ట్యూబుకు కూడా అదే ముక్క వేసి, మామూలు రబ్బరుకు పట్టే సమయానికే విప్పేశాడు. బ్యూటైల్ గాలిని బాగా నిలుపుతుంది గాని, అందులో గంధకం పట్టుకోగల చోట్లు చాలా తక్కువ కనుక నిదానంగా ఉడుకుతుంది. మూడో రోజుకే ప్యాచ్ పక్కనుంచి బుడగలు వచ్చాయి. యజమాని ఎదురు మాట్లాడకుండా, బ్యూటైల్‌కు తగిన ముక్క వేసి, ఎక్కువసేపు బిగించి, పైసా తీసుకోకుండా ఇచ్చారు. అలాగని ఊరికే మంట పెంచినా లాభం లేదు. మితిమీరి కాగితే సహజ రబ్బరులోని వంతెనలు తెగి, మళ్లీ మెత్తబడుతుంది.

ప్యాచుకు 80 రూపాయలు, ముప్పావు గంట సమయం. కూర్చోవడానికి ఒక పాత టైరు తప్ప మరేమీ లేదు. ట్యూబ్‌లెస్ టైర్ల పని చేయరు. సిరిమానోత్సవం రోజుల్లో ఆ సందులోకి బండి వెళ్లడం కష్టం. ఉదయం పూట వెళ్తే యజమానే ఉంటారు. ట్యూబు బ్యూటైలా, మామూలు రబ్బరా అన్నది గీకడం మొదలుపెట్టకముందే చెప్పాలి.