పాత టీవీకి సెట్‌టాప్ బాక్స్ పెడుతున్నారా? ఆ ఉత్త వైరు మాత్రం కొనకండి

పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి కొత్త బాక్స్ తగిలించుకోవచ్చంటూ ఆన్‌లైన్‌లో ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ వైరు ఒకటి తెగ అమ్ముతున్నారు. ఒక చివర హెచ్‌డీఎంఐ పిన్ను, ఇంకో చివర ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు, మధ్యలో ఉత్త వైరు. దానితో మీ టీవీలో బొమ్మ రాదు. పెట్టి చూసి, బాక్స్ పోయిందేమో, టీవీ పోయిందేమో అని మెకానిక్‌కు డబ్బులిచ్చుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రెండూ బాగానే ఉంటాయి, లోపమంతా వైరుదే.

హెచ్‌డీఎంఐలోంచి వచ్చేది డిజిటల్ సిగ్నల్. పసుపు పిన్నుకు కావలసింది అనలాగ్. మార్చాలంటే మధ్యలో చిప్ ఉండాలి, దానికి 5 వోల్టుల కరెంటు అందాలి. అగ్గిపెట్టెంత డబ్బా, దానికి యూఎస్‌బీ పవర్ సాకెట్ ఉంటేనే అది కన్వర్టర్.

ఆ డబ్బా కొనేటప్పుడూ ఒక తిరకాసుంది. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అని అచ్చం అలాంటిదే ఇంకొకటి దొరుకుతుంది, కానీ అది పనిచేసేది తిరగేసి. ఫొటో పెద్దది చేసి, హెచ్‌డీఎంఐ సాకెట్ పక్కన ‘ఇన్‌పుట్’ అని ఉందో లేదో చూడండి. పెట్టాక బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చినా, పైకీ కిందికీ దొర్లుతున్నా కంగారు పడొద్దు. డబ్బా పక్కనున్న చిన్న స్విచ్ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) మీద ఉండి ఉంటుంది, పాల్ (మన దేశపు పద్ధతి) వైపు జరపండి. పవర్ మాత్రం ఫోన్ ఛార్జర్‌తోనే ఇవ్వండి.

అసలు ఇవన్నీ కొనేముందు బాక్స్ వెనక్కి తిప్పి చూడండి. చాలా బాక్సులకు ఏవీ అని రాసిన ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటిది ఉంటుంది, దానికి కన్వర్టరే అక్కర్లేదు. అయితే ఆ రంధ్రంలో పెట్టే 3.5 మిల్లీమీటర్ల ఏవీ వైర్లన్నిటిలో లోపలి కనెక్షన్ల వరస ఒకటే ఉండదు. బొమ్మ రాకపోతే టీవీ పసుపు సాకెట్‌లో ఎర్ర పిన్నూ, తర్వాత తెల్ల పిన్నూ పెట్టి చూడండి. ఏది పెట్టినా బుయ్‌మనే మోతే తప్ప బొమ్మ రాకపోతే గ్రౌండ్ (బొమ్మకూ శబ్దానికీ ఉమ్మడి తీగ) వరసే వేరు, ఆ బాక్స్‌కు సరిపడే వైరు తెచ్చుకోవాల్సిందే.

పాత కంప్యూటర్ మానిటర్‌ను టీవీగా వాడేవాళ్లకు వేరే చిక్కు. హెచ్‌డీఎంఐ టు వీజీఏ (పాత మానిటర్ల సాకెట్) కన్వర్టర్ మంచిదే కొన్నా ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వస్తుంటుంది. బాక్స్ 576ఐ (పాత టీవీల తరహా బొమ్మ), 50 హెర్ట్జ్‌లో పంపుతుంటే తెర మీద గీతలు గీసే వేగం సెకనుకు 15,625 మాత్రమే. వీజీఏ మానిటర్లకు సాధారణంగా 30 వేలకు పైన కావాలి. ముందు బాక్స్‌ను మామూలు టీవీకి పెట్టి, సెట్టింగుల్లో 720పీ, 60 హెర్ట్జ్ ఎంచుకుని, ఆ తర్వాత మానిటర్‌కు మార్చండి. వీజీఏలో శబ్దం రాదు కాబట్టి ఆడియో రంధ్రం ఉన్న కన్వర్టరే తీసుకోండి.

ఇక ‘యాంటెనాతో వందల ఛానళ్లు ఉచితం’ అనే డీవీబీ-టీ2 బాక్సులు. మన దేశంలో భూమ్మీది ట్రాన్స్‌మిటర్ల నుంచి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే. ప్రైవేటు ఛానళ్లు వాటిలో రావు. దూరదర్శన్ ఉచిత శాటిలైట్ సేవ డీడీ ఫ్రీ డిష్‌కు కావలసింది శాటిలైట్ బాక్స్, జీశాట్-15 ఉపగ్రహం వైపు, అంటే 93.5 డిగ్రీల తూర్పుకు తిప్పిన డిష్. సాకెట్ చూస్తే తేడా తెలిసిపోతుంది: మరలు ఉండి వైరు బిగించేది శాటిలైట్ బాక్స్, నున్నగా ఉండి లోపలికి తోసేది యాంటెనా బాక్స్. శాటిలైట్ బాక్సుల్లోనూ ఎంపెగ్-2 (పాత వీడియో పద్ధతి) రకం కొంటే ఎంపెగ్-4 (కొత్త పద్ధతి) ఛానళ్లు రావు.

యాంటెనా సాకెట్ తప్ప ఏదీ లేని మరీ పాత టీవీకైతే ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ (బాక్స్ బొమ్మను, శబ్దాన్ని యాంటెనా సిగ్నల్‌గా మార్చేది) కావాలి. దాని సౌండ్ సెట్టింగ్ పాల్ బీ/జీ, అంటే 5.5 మెగాహెర్ట్జ్ ఉండాలి, లేకపోతే బొమ్మ వచ్చి మాట బదులు హోరు వినబడుతుంది. టీవీ విప్పి ఏవీ సాకెట్ అతికిస్తానని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. కలర్ ట్యూబు దగ్గర 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. పాత సెట్లలో కొన్నిటి ఛాసిస్‌కే (లోపలి లోహపు చట్రానికే) కరెంటు తగిలి ఉంటుంది, అది అతికించిన సాకెట్ మీదుగా మీ చేతిదాకా వస్తుంది.

ఉత్త వైరు ఇప్పటికే కొనేసి ఉంటే రిటర్న్ గడువు దాటనివ్వకండి. కారణం దగ్గర ‘పనిచేయడం లేదు’ అని కాకుండా ‘చిప్ లేదు, వివరణలో చెప్పినట్టు లేదు’ అని రాయండి. మీ బాక్స్‌దే లోపమని విక్రేత తోసిపుచ్చితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వైరు అమ్మిన పేజీలో ఉన్న వివరణను ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తే చూపడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.