సోలార్ వాక్యం పెట్టె: ఏటూరునాగారం గూడేనికైనా, ఉగాండా పల్లెకైనా కొనేముందు విప్పి చూడండి

హనుమకొండలో క్రైస్తవ పుస్తకాల దుకాణాల్లో, కన్వెన్షన్ కూడికల దగ్గర వేసే స్టాళ్లలో ఇప్పుడు బైబిలు ఆడియో వినిపించే ఒకే తరహా పెట్టె అమ్ముతున్నారు. సైజు టిఫిన్ క్యారేజీ అంత ఉంటుంది. పైన సోలార్ పలక, పక్కన చేత్తో తిప్పే పిడి, ముందు మూడంగుళాల స్పీకరు, వెనక మెమరీ కార్డు పెట్టే గాడి. స్టిక్కరు మీద పేరు మారుతుంది కానీ లోపలి సరుకు దాదాపు ఒకటే: 3 వాట్ల పలక, 18650 రకం లిథియం సెల్లులు రెండు, చిన్న ఆంప్లిఫయర్ బోర్డు. ములుగు, భూపాలపల్లి వైపు గూడేల్లో పరిచర్య చేసేవాళ్లు కొంటున్నారు, ఆఫ్రికా పల్లెలకు సువార్త పనికి వెళ్లే తెలుగువాళ్లూ సామానులో పెట్టుకుని తీసుకెళ్తున్నారు.

ఈ పెట్టెను తూచడానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. తెచ్చిన సేవకుడు వెళ్లిపోయాక దీన్ని ఊరివాళ్లే నడుపుకోగలరా? 19వ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికా మిషన్ సంస్థల పెద్దలు హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ చెప్పిన సూత్రమూ అదే: సంఘం తన ఖర్చు తానే భరించాలి, తన పాలన తానే చేసుకోవాలి, తనంతట తానే పెరగాలి. 1864లో శామ్యూల్ అజయి క్రౌథర్ మొదటి ఆఫ్రికన్ ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. 1912లో మన డోర్నకల్‌కు వి.ఎస్. అజరయ్య మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్‌గా వచ్చారు. అప్పుడు జరిగిన వాదం కూడా పని ఎవరి చేతికి అప్పగించాలన్నదే. పెట్టె చిన్న వస్తువే కావచ్చు, దానికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. చెడిపోయిన ప్రతిసారీ హైదరాబాదుకో, అమెరికాకో పంపాల్సిన పెట్టె అయితే ఊరి సంఘానికి అది భారమే.

ముందు కరెంటు లెక్క. అమ్మేవాళ్లు పలక గురించి గంటసేపు చెబుతారు గానీ ఇబ్బంది వచ్చేది పలకతో కాదు. 2000 ఎంఏహెచ్ (సెల్లు ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే అంకె) సెల్లులు రెండు జంటగా ఉంటే 4000, దాన్ని 3.7 వోల్టులతో హెచ్చిస్తే సుమారు 15 వాట్-గంటలు; 1 వాటు చొప్పున గంట వాడితే ఒక వాట్-గంట. మధ్యస్థ శబ్దంలో పెట్టె 1 వాటు తింటుంది, అంటే నిండా ఛార్జి ఉంటే 13, 14 గంటలు మోగుతుంది. శబ్దం చివరిదాకా పెంచితే 3 వాట్లు లాగుతుంది, అప్పుడు 5 గంటలు కూడా రాదు. 3 వాట్ల పలకకు మంచి ఎండ రోజుకు 5 గంటలు పడిందనుకున్నా, వేడికి, దుమ్ముకు, ఛార్జింగ్ నష్టానికి పోను 9, 10 వాట్-గంటలు చేతికొస్తాయి. ఖాళీ పెట్టె నిండడానికి ఒకటిన్నర, రెండు రోజులు కావాలి. వాన ముసురులో రాబడి పావు వంతుకు పడిపోతుంది. అయినా రోజూ అరగంట కూడికకు కావలసింది అర వాట్-గంట. కాబట్టి వాక్యం వినడానికే వాడితే శ్రావణంలోనూ ఛార్జికి కొదవ ఉండదు.

అసలు దెబ్బ యూఎస్‌బీ రంధ్రం దగ్గర పడుతుంది. కరెంటు సరిగా లేని ఊళ్లో ఫోను ఛార్జింగ్ పెట్టే రంధ్రం కనిపిస్తే ఎవరు ఊరుకుంటారు? ఈ రోజుల్లో ఫోను బ్యాటరీ 5000 ఎంఏహెచ్ దాకా ఉంటోంది. ఒక్క ఫోను ఎక్కించేసరికి పెట్టె అడుగంటుతుంది, మాపటికి ప్రార్థనకు కూర్చుంటే మూగబోతుంది. ఆఫ్రికా పల్లెలోనూ ఇదే జరుగుతుంది, అక్కడ ఫోను ఛార్జింగ్‌కు డబ్బులిచ్చి అంగడి దాకా నడిచి వెళ్లే ఊళ్లున్నాయి కాబట్టి ఒత్తిడి ఇంకా ఎక్కువ. కాదని చెప్పి మనసులు నొప్పించే బదులు ఫోన్ల కోసం వేరే 10 వాట్ల పలక ఒకటి ఇవ్వడం మేలు. పెట్టె కొనేటప్పుడు మాత్రం ఛార్జింగ్ బయటికిచ్చే రంధ్రం లేనిదే కొనండి.

పిడి గురించి గొప్పలు నమ్మకండి. చేత్తో తిప్పితే బ్యాటరీకి చేరేది 2, 3 వాట్లు. నిమిషం తిప్పితే రెండు మూడు నిమిషాలు మోగుతుంది. అరగంట భాగం వినాలంటే 10 నుంచి 15 నిమిషాలు తిప్పాలి. పిల్లలు పోటీపడి తిప్పుతారు, లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం ముందు అరిగేది అందుకే. లోహపు చక్రం ఉన్నదైతే సరే, లేకపోతే పిడి లేని పెట్టె కొని ఆ డబ్బు మంచి సెల్లుల మీద పెట్టడం నయం.

శబ్దం సంగతి. వందల మందికి వినిపిస్తుందని చెబుతారు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 85 ఉంటే 8 మీటర్ల దగ్గర 67, 16 మీటర్ల దగ్గర 61 మిగులుతుంది. మామూలు మాటల శబ్దం 60 దాకా ఉంటుంది. పిల్లల అలికిడి, మేకల అరుపులు కలిస్తే 8 మీటర్లు దాటి కూర్చున్నవాళ్లకు మాట తెలియదు. అర్ధచంద్రాకారంలో 50, 60 మందిని కూర్చోబెడితే ఈ పెట్టె చక్కగా సరిపోతుంది. నేల మీద పెట్టకూడదు. స్టూలు మీద, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తున, వెనక గోడ ఉండేలా పెడితే మాట ముందుకు వస్తుంది. బాస్ పెంచే బొత్తాం ఉంటే ఆపేయండి, గుంయ్ మనే శబ్దంలో హల్లులు మునిగిపోతాయి. రేకుల కప్పు కింద వాన పడుతుంటే ఎంత పెంచినా వినబడదు, ఆ పూట పెట్టె కట్టేసి పాటలు పాడుకోవడమే. మన దగ్గర నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి ఉంది, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు కూడదు. ఈ పెట్టెకు హారన్ స్పీకరు తగిలించే పని పెట్టుకోవద్దు. గూడెం పెద్దను అడిగి, వినాలని వచ్చినవాళ్లకు వినిపించాలి. ఇంటింటికీ వినబడేలా మోగిస్తే వినాలనుకున్నవాళ్లు కూడా దూరమవుతారు.

ఇక భాష. పెట్టె ఎంత గట్టిదైనా భాష తప్పితే వృథా. మనవాళ్లు ఉగాండాకో, కెన్యాకో వెళ్లేటప్పుడు ఇంగ్లీషు, స్వాహిలీ ఆడియో నింపుకుని వెళ్తారు. స్వాహిలీ అంగట్లో పనికొస్తుంది, కానీ కెన్యాలో తుర్కానా తెగవాళ్ల ఇంట్లో అవ్వ మాట్లాడేది తుర్కానా భాష. ఉత్తర ఉగాండాలో అచోలీ, తూర్పున అతేసో, కంపాలా చుట్టూ లుగాండా, మలావీలో చిచేవా. ఇది మనకు కొత్త సంగతేం కాదు. ఉట్నూరు వైపు గోండీ, ఛత్తీస్‌గఢ్ వైపు గోండీ ఒకటి కావు. కోయ గూడెంలో తెలుగు అర్థమవుతుంది, ముసలివాళ్లు మాత్రం తల ఊపి ఊరుకుంటారు. తండాలో లంబాడీ మాట వినబడితే ఆడవాళ్లు వంట ఆపి వస్తారు. అందుకే కార్డు నింపేముందు ఒక పరీక్ష చేయాలి. రెండు నిమిషాల కథ వినిపించి, ఊళ్లో చదువు లేని పెద్దామెను ఆ కథ తిరిగి చెప్పమనండి. పేర్లు, వరస, చివర ఏమైందో చెప్పగలిగితే ఆ రికార్డింగు పనికొస్తుంది. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు, ఎక్కడైనా బాగుందనే అంటారు. నైజీరియాలోని యొరూబా లాంటి భాషల్లో స్వరం పైకి కిందికి మారితే మాట అర్థమే మారిపోతుంది. క్రౌథర్ యొరూబా బైబిల్ అనువాదానికి ముందు నిలిచింది కూడా ఆ భాషలో పుట్టినవాడు కావడం వల్లే.

వినిపించడం మీద ఆధారపడిన పరిచర్య నిన్నటిది కాదు. జాయ్ రిడర్‌హాఫ్ 1939లో లాస్ ఏంజెలెస్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ మొదలుపెట్టారు. కరెంటే అక్కర్లేకుండా అట్టతో చేసిన, చేత్తో తిప్పే రికార్డు ప్లేయర్లు కూడా ఆ సంస్థ తయారుచేసింది. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ అనే ఆడియో బైబిల్ సంస్థ వాళ్ల ప్రొక్లెయిమర్ ఈ తరహా పెట్టెల్లో బాగా పేరున్నది, దానికీ సోలారు, పిడి రెండూ ఉన్నాయి. అందులో వాక్యం చెరిగిపోని చిప్పులో ఉంటుంది. స్టాళ్లలో అమ్మే పెట్టెలో అదే పెద్ద లోటు, మెమరీ కార్డు కాబట్టి ఎవరైనా తీసి సినిమా పాటలు ఎక్కించుకోవచ్చు. కార్డు గాడి మీద చిన్న రేకు పెట్టి స్క్రూ బిగిస్తే సగం సమస్య తీరుతుంది. నకలు కార్డు ఒకటి సంఘ పెద్ద ఇంట్లో ఉంచాలి.

కార్డు నింపేవాళ్లు తరచూ చేసే తప్పులు మూడు. 64 జీబీ కార్డు కొనడం మొదటిది. అది ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో (కార్డులో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) వస్తుంది, ఈ చవక బోర్డులు చాలావరకు ఫ్యాట్32 మాత్రమే చదువుతాయి. అసలు అంత కార్డు ఎందుకు? కొత్త నిబంధన ఆడియో సుమారు 20 గంటలు, 64 కేబీపీఎస్ (సెకను శబ్దానికి ఎంత డేటా అన్న లెక్క) మోనోలో 600 ఎంబీ లోపే. రెండోది, చోటు మిగలాలని 32 కేబీపీఎస్‌కు నొక్కేయడం. స, శ, ష అన్నీ ఒకేలా బుసలు కొడతాయి. మూడోది పేర్లు. ఫైళ్లకు 001, 002 అని మూడంకెలు ముందు పెట్టకపోతే 1 తర్వాత 10 మోగుతుంది, మత్తయి సువార్త తలకిందులవుతుంది. మరో సంగతి, కొన్ని బోర్డులు పేరును కాక కార్డులోకి ఎక్కించిన వరసనే చూస్తాయి, కాబట్టి ఒక్కో పుస్తకాన్ని వరసగా ఎక్కించాలి. ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలయ్యే గుణం ఉందో లేదో దుకాణంలోనే చూడండి. అది లేకపోతే రోజూ మొదటి అధ్యాయమే మోగుతుంది. అరగంట చొప్పున వింటే 40 కూడికల్లో కొత్త నిబంధన పూర్తవుతుంది. పత్తి ఏరే రోజుల్లో, ఎండాకాలం తునికాకు రోజుల్లో వారానికి రెండుసార్లకు మించి కూర్చోరు, అది ముందే లెక్కలో పెట్టుకోవాలి.

చెడిపోయేవి ఇవి. మొదట పోయేది పలక తీగ, పిన్ను దగ్గర ఒంగి ఒంగి లోపల తెగుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. మల్టీమీటరుతో మధ్యాహ్నం ఎండలో చూస్తే 6 వోల్టుల పలక 7 వోల్టుల పైన చూపాలి. సున్నా చూపిస్తే పలక పోయిందనుకోకుండా ముందు తీగ చూడండి. తర్వాత పలక పైపూత. రెసిన్ పోసిన చవక పలకలు ఏడాది, రెండేళ్లలో పసుపు పచ్చబడి రాబడి తగ్గుతాయి, గాజు పలక అలా కాదు. మూడోది, నెలలపాటు మూలన పడేస్తే సెల్లు బాగా దిగిపోయి, దాన్ని కాపాడే రక్షణ బోర్డు కరెంటు ఆపేసి తాళం వేసుకుంటుంది. పెట్టె చచ్చిపోయిందని పారేస్తారు. మామూలు 5 వోల్టుల ఛార్జరు అరగంట పెడితే చాలాసార్లు లేస్తుంది. మే నెలలో వరంగల్ ఎండకు పెట్టెనంతా రేకుల కప్పు మీద పెట్టడం సెల్లుకు విషం. పలక ఎండలో, పెట్టె నీడలో ఉండాలి, అందుకు కనీసం 3 మీటర్ల తీగ ఉన్న విడి పలకే కావాలి. పెట్టెకే అతికించిన పలక నాకు నచ్చకపోవడానికి ఇదే కారణం. స్పీకరు జాలీలో కందిరీగ మట్టి గూడు పెడుతుంది, ఎలుక తీగ కొరుకుతుంది. గుడ్డ సంచిలో వేసి దూలానికి వేలాడదీస్తే రెండూ తప్పుతాయి.

ఆఫ్రికాకు తీసుకెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా కొన్ని. మన దగ్గర పలకను దక్షిణం వైపు, 18 డిగ్రీల వాలుతో పెడతాం. మలావీ, జాంబియా భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాయి, అక్కడ ఉత్తరం వైపు తిప్పాలి. అలవాటు కొద్దీ దక్షిణానికి పెడితే రాబడి పడిపోతుంది. ఉగాండా, కెన్యాల్లో దాదాపు బల్లపరుపుగా, నీళ్లు జారేంత వాలుతో చాలు. పశ్చిమ ఆఫ్రికాలో నవంబరు నుంచి మార్చి దాకా సహారా దుమ్ముతో హర్మట్టన్ గాలి వీస్తుంది. అప్పుడు పలకను రోజూ మెత్తటి పొడిగుడ్డతో దులపాలి, తడిగుడ్డ పెడితే దుమ్ము బురదై గీతలు పడతాయి. తూర్పు ఆఫ్రికాలో పెద్ద వానలు మార్చి-మే, చిన్న వానలు అక్టోబరు-డిసెంబరు, కొత్త గుంపును కూర్చోబెట్టే పని ఆ నెలల్లో పెట్టుకోకండి. కెన్యా, ఉగాండా, మలావీల్లో గోడ ప్లగ్గు బ్రిటిష్ చదరపు మూడు పిన్నులది, మన గుండ్రటి పిన్ను పట్టదు. విమానంలో విడి సెల్లులు చేతి బ్యాగులోనే, కొనలకు టేపు చుట్టి పెట్టాలి. 15 వాట్-గంటల పెట్టె 100 వాట్-గంటల పరిమితికి చాలా లోపలే ఉంది, సీల్డ్ లెడ్ బ్యాటరీ పెట్టెలు మాత్రం బరువుకూ తనిఖీకీ తలనొప్పి.

కొనాలా వద్దా అంటే, స్క్రూలతో విప్పగలిగి, సెల్లులు హోల్డరులో కూర్చుని, గాజు పలక విడిగా ఉంటే కొనండి. జిగురుతో అతికించి, సెల్లులకు తీగలు నేరుగా టంకం వేసి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు, 18650 సెల్లు ఏ లాప్‌టాప్ రిపేరు దుకాణంలోనైనా దొరుకుతుంది గానీ అతికించిన పెట్టెను పగలగొట్టకుండా తెరవలేరు. ఊరికి అప్పగించేటప్పుడు పెట్టెతోపాటు ఒక స్క్రూడ్రైవరు, రెండు సెల్లులు, ఒక పలక తీగ, నకలు కార్డు ఇవ్వండి. అప్పగించే రోజు సంఘం నుంచి ఇద్దరిని, అందులో ఒకరు ఆడమనిషి అయ్యేలా, ముందుకు పిలిచి వాళ్ల చేతులతోనే పెట్టె విప్పించి, సెల్లు మార్పించి, మళ్లీ మోగించమనండి.