కుక్క మూతికి చిక్కెం: మూడేళ్ల వాడకం తర్వాత

పత్తి చేనులో గుంటుక తోలేటప్పుడు ఎద్దు మూతికి చిక్కెం కడతారు. అది ఎద్దుకు శిక్ష కాదు. సాళ్ల మధ్య నడుస్తూ మొక్కను కొరకకుండా ఉండటానికి కడతారు, పని కాగానే విప్పేస్తారు. కరవకుండా కుక్క మూతికి తొడిగే బుట్ట మజిల్‌ను కూడా ఇట్లాగే చూడాలి. హన్మకొండలో 30 కిలోల సంకరజాతి కుక్కకు మూడేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్న మజిల్ గురించి ఈ సమీక్ష. బజారులో వేరే కుక్క కనబడితే మీదికి దూకే కుక్క అది.

ముందే ఒక మాట. మజిల్‌తో కుక్క కోపం తగ్గదు, కరవడం ఆగుతుంది, అంతే. అయినా దాని విలువ చిన్నది కాదు. కరుస్తుందేమోనన్న భయం ఉన్నంతకాలం మన చెయ్యి బెల్టును గుంజి పట్టుకునే ఉంటుంది. మెడ దగ్గర ఆ బిగువు తగలగానే కుక్క "ఏదో ముప్పు వస్తోంది" అనుకుని ఇంకా రెచ్చిపోతుంది. మజిల్ ఉంటే బెల్టు వదులవుతుంది. శిక్షణ అక్కడ మొదలవుతుంది.

దుకాణాల్లో ఎక్కువగా దొరికేది నైలాన్ గుడ్డది. చవక, కానీ కొనకండి. మూతిని మూసి బిగిస్తుంది. కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా నోరు తెరిచి వగర్చడం వల్లే. వరంగల్ మే ఎండలో నోరు కట్టేసి నడిపిస్తే వడదెబ్బతో ప్రాణమే పోవచ్చు. డాక్టరు సూది వేసే రెండు నిమిషాలకు తప్ప అది పనికిరాదు. ఇనుప తీగ బుట్టకు గాలి బాగా ఆడుతుంది, కానీ ఎండలో కాలుతుంది, మన మోకాలికి తగిలితే కమిలిపోతుంది. మేము వాడుతున్నది మెత్తటి రబ్బరు-ప్లాస్టిక్ బుట్ట.

కొలత మీదే అంతా ఆధారపడి ఉంది. కళ్లకు వేలెడు కిందనుంచి ముక్కు కొస వరకు పొడవు, నోరు మూసి ఉన్నప్పుడు అదే చోట చుట్టుకొలత తీసుకోవాలి. బుట్ట చుట్టుకొలత దానికంటే కనీసం పావు వంతు ఎక్కువ ఉండాలి. ముక్కు ముందు అర అంగుళం దాకా ఖాళీ, మెడ పట్టీ కింద ఒక వేలు దూరేంత సందు ఉండాలి. వేసి చూసినప్పుడు కుక్క నాలుక బయటపెట్టి హాయిగా వగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి. నీళ్ల గిన్నె లోతుగా, వెడల్పుగా ఉండాలి, లేకుంటే బుట్ట అంచు తగిలి నాలుక అందదు.

అలవాటు చేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఇక్కడ తొందరపడితే డబ్బులు దండగ. మొదటి మూడు నాలుగు రోజులు పట్టీ జోలికే పోవద్దు. ఉడికించిన కోడి కార్జాన్ని పెరుగుతో మెత్తగా పిసికి బుట్ట లోపల రాసి, గిన్నెలా పట్టుకోండి. కుక్క తనంతట తానే మూతి పెట్టాలి, బయటికి తీయాలనుకుంటే తీసుకోనివ్వాలి. మనం మూతికి తొడగకూడదు. ఐదేసి నిమిషాలు, రోజుకు రెండుసార్లు, అన్నం పెట్టడానికి ముందు చేయండి. తర్వాత పట్టీని మెడ వెనక్కి తెచ్చి రెండు సెకన్లు పట్టుకోండి, ఆపై ఐదు, పది. బకెల్ "టిక్" చప్పుడుకు ఉలిక్కిపడే కుక్కలు చాలా ఉంటాయి, అందుకే దాన్ని విడిగా, దూరం నుంచి వినిపించి తిండి ముక్క పెట్టండి. ఆ తర్వాతే బిగించడం: ఐదు సెకన్లు, నిమిషం, ఐదు నిమిషాలు, తర్వాత వాకిట్లో నడక. కాళ్లతో గీరుకుంటే నాలుగడుగులు నడిపించి, నెమ్మదించాక విప్పి, మరుసటిసారి సగం సమయానికి తగ్గండి.

బుట్ట వేశాక ముక్క అందించడం కష్టం. సన్న మూతి ఉన్న ఖాళీ సాస్ బాటిల్‌ను కడిగి, అదే కార్జం-పెరుగు పలుచగా చేసి నింపండి. కొస సందుల్లోంచి దూరుతుంది, ఒక్క నొక్కుకు ఒక్క నాకుడు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం కలపొద్దు, కుక్కకు విషం.

చాలామంది చేసే తప్పు, డాక్టరు దగ్గరికి పోయేటప్పుడో చుట్టాలొచ్చినప్పుడో మాత్రమే తొడగడం. అప్పుడు బుట్ట కనబడితేనే కుక్క మంచం కిందికి దూరుతుంది. పదిసార్లు వేస్తే ఎనిమిదిసార్లు ఏమీ జరగకూడదు, తిండీ నడకా తప్ప.

అసలు శిక్షణ దూరంతో జరుగుతుంది. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే ఎదుటి కుక్క కనబడినా మనది ముక్క తింటుందంటే ఆ దూరం సరైనది, అది ఇరవై మీటర్లు కావచ్చు, యాభై కావచ్చు. అటు చూడగానే ఒక నాకుడు, మళ్లీ చూస్తే ఇంకొకటి. పది నిమిషాలు చాలు. వగర్చే నోరు టక్కున మూసుకుని, ఒళ్లు బిగుసుకుని, చూపు కదలకపోతే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు, వెనక్కి మళ్లండి. మజిల్ ఉంది కదా అని మీదికి తీసుకెళ్లడం చేటు చేస్తుంది. గుర్రుమంటే కొట్టడం అంతకంటే చేటు. దెబ్బకు గుర్రు పోతుంది కానీ కోపం పోదు, రేపు చప్పుడు లేకుండా కరుస్తుంది.

నెమ్మదైన కుక్క ఉన్నట్టుండి కరవబోతే శిక్షణ కంటే ముందు చెవులు, పళ్లు, కీళ్లు పశువైద్యుడికి చూపించండి. నొప్పికి మజిల్ మందు కాదు. మజిల్ ఉన్నా ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. పంటి గాటు పడితే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

లోపాలు: పగ్ లాంటి చదును మూతి కుక్కలకు ఈ రకం సరిపోదు. వీధికుక్కలు గుంపుగా ఉండే గల్లీల్లో మజిల్ వేసిన కుక్క తనను తాను కాపాడుకోలేదు, దారి మార్చుకోవాల్సిందే. ఇంట్లో ఒంటరిగా వదిలేటప్పుడు వేయొద్దు, కిటికీ గ్రిల్లులో ఇరుక్కుంటుంది. లోపలి మెత్త సొంగకు నాని రెండో ఏడాదికే ఊడింది. రోజూ కడిగి నీడలో ఆరబెట్టకపోతే ముక్కు మీద వెంట్రుకలు రాలి పుండు పడుతుంది. మూడో ఎండాకాలానికి పట్టీ బకెల్ దగ్గర పీచులు లేచింది. బుట్ట గట్టిగానే ఉంది కాబట్టి కొత్తది కొనకుండా, చెప్పులు కుట్టేవారి దగ్గర తోలు పట్టీ వేయించాం, పాత పట్టీ రంధ్రాల కొలతకే.