నదిలో మంచు ఎప్పుడు పగులుతుందో చెప్పే న్యూరల్ నెట్‌వర్క్ టూల్, ఒక సీజన్ వాడాక

పాత డేటా చూసి నేర్చుకునే ఈ టూల్ నది గడ్డకట్టే తేదీ బాగానే పట్టేసింది, అది చాలావరకు చలి మీదే ఆధారపడుతుంది కాబట్టి సున్నా కింద ఎన్ని రోజులు ఎంత చలి పడిందో కూడితే దానికి అందుతుంది. తడబడిందల్లా మంచు పగిలే టైమ్ దగ్గరే. నది ఎగువ నుంచి నీళ్లు ఒక్కసారిగా పెరిగి, మలుపు దగ్గర మంచు పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అడ్డం పడితే గంటల్లో ఊరు మునుగుతుంది, 2020 ఏప్రిల్‌లో కెనడాలోని ఫోర్ట్ మెక్‌ముర్రేలో అలాంటి వరదే వచ్చింది. అలాంటి ఏళ్లు పాత డేటాలో కొన్నే ఉంటాయి, నెట్‌వర్క్ నేర్చుకునేదెలా? పైగా ఒకే తేదీ చూపిస్తుంది, అటూఇటూ ఎన్ని రోజుల తేడా రావచ్చో చెప్పదు, జనాన్ని ఖాళీ చేయించాల్సినవాళ్లకి కావాల్సింది అదే కదా! నీటిమట్టం రీడింగ్ ఆగిపోయిన రోజు కూడా అదే తేదీ ఇచ్చింది, నాకైతే భయమేసింది.